మనవాడే అని ఊరుకుంటే జీతం రాదు

తోటి తెలుగు ఉద్యోగులారా!

ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో కన్సల్టెన్సీ పెట్టినాయన మన జిల్లావాడే. ఉగాదికి ఇంటికి పిలిచి భోజనం పెడతాడు, "తమ్ముడూ" అని భుజం తడతాడు. ప్రాజెక్టు అయిపోయి మనం బెంచ్ మీదికి వచ్చామో, అదే నోటితో "ఈ నెల జీతం లేదు, కావాలంటే నీ డబ్బు నువ్వే కట్టుకో, పే స్టబ్ ఇస్తా" అంటాడు. గట్టిగా అడిగితే "వీసా విత్‌డ్రా చేసేస్తా" అంటాడు. ఊళ్లో పరువు పోతుందనీ, గ్రీన్ కార్డు ఆగిపోతుందనీ మనం నోరు మెదపం. ఆయన ధైర్యమంతా మన మౌనమే.

అమెరికా చట్టం మన పక్కనే ఉంది. అది ఏం చెబుతోందో చదవండి.

హెచ్-1బీ మీద ఉన్నవారికి

• కంపెనీ పని చూపించలేకపోయినా జీతం ఇవ్వాల్సిందే. సొంత అవసరానికి మీరే సెలవు అడిగితే తప్ప బెంచ్ పేరుతో జీతం ఆపకూడదు. మీ డబ్బు మీకే జీతంగా తిప్పి ఇవ్వడం జీతం కాదు.
• హెచ్-1బీ పిటిషన్ ఖర్చు, దానికయ్యే లాయర్ ఫీజు కంపెనీవే. మీ జీతంలోంచి కోయకూడదు.
• ఒప్పంద గడువుకి ముందే మానేసినందుకు జరిమానా వేయకూడదు. నిజమైన నష్టానికి ముందే ఒప్పుకున్న పరిహారం మాత్రం రాష్ట్ర చట్టాన్ని బట్టి చెల్లవచ్చు. కాబట్టి బాండ్ చూపించి బెదిరిస్తే, చెక్కు రాయకముందే లాయర్‌కి చూపించండి.
• ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) కాపీ పనిలో చేరే రోజుకల్లా మీ చేతికి రావాలి. అందులో మీ జీతం ఎంత రాశారో చూసుకోండి.

ఏ వీసా మీద ఉన్నా

1964 నాటి పౌరహక్కుల చట్టం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ వర్తిస్తుంది. జాతి, రంగు, మతం, ఆడా మగా తేడా, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. గర్భిణికి పనిలో తగిన వెసులుబాటు ఇవ్వాలని 2023 జూన్ నుంచి మరో చట్టం అమల్లో ఉంది. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం మరో చట్ట ఉల్లంఘనే తప్ప, యజమాని హక్కు కాదు.

ఇక మనలో మనం చేసుకునేది. ఇంటిపేరు ఆరా తీసి, ఊరు అడిగి, కులం తేల్చుకున్నాక టీమ్‌లో మాట మారిపోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. కుల వివక్ష జరిగిందంటూ 2020లో సిస్కో మీద కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థే కోర్టుకెళ్లింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను పేరు పెట్టి నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును గవర్నర్ తిప్పి పంపారు. ఉన్న చట్టాలే అందుకు సరిపోతాయన్నది ఆయన చెప్పిన కారణం. సరే, ఆ ఉన్న చట్టాలనే వాడుకుందాం. మన పక్క సీటులోవాడికి జరుగుతుంటే సాక్ష్యం చెబుదాం.

అడిగినవారికి దక్కింది

కాలిఫోర్నియాలోని క్లౌడ్‌విక్ టెక్నాలజీస్ నెలకు 8,300 డాలర్ల దాకా ఆశపెట్టి ఇండియా నుంచి తెచ్చిన కొందరికి చేతికి వచ్చింది 800 డాలర్లే. కార్మిక శాఖ విచారించి 2018లో 12 మందికి 1,73,044 డాలర్లు ఇప్పించింది.

కత్రినా తుఫాను తరువాత సిగ్నల్ ఇంటర్నేషనల్ సంస్థ వెల్డర్లుగా, పైప్‌ఫిట్టర్లుగా మన దేశం నుంచి దాదాపు 500 మందిని తెచ్చింది. అప్పులు చేసి వచ్చినవారిని గదికి 24 మంది చొప్పున కుక్కి, నెలకు 1,050 డాలర్లు జీతంలోంచి కోసింది. 2008 మార్చిలో మిసిసిపీ యార్డు గేటు ముందు హెల్మెట్లు విసిరి కార్మికులు బయటికి వచ్చేశారు. వాషింగ్టన్ వెళ్లి నిరాహార దీక్ష చేశారు. 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ ఐదుగురికి 1.4 కోట్ల డాలర్ల పరిహారం తేల్చింది. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే సమాన ఉద్యోగావకాశాల సంఘం (ఈఈఓసీ) వేసిన కేసులో 476 మందికి 50 లక్షల డాలర్ల పరిష్కారం కుదిరింది. వాళ్ల చేతిలో గ్రీన్ కార్డుల్లేవు, పెద్ద డిగ్రీల్లేవు. కలిసి నడిచారు, అంతే.

గడువు దాటితే హక్కు దాటిపోతుంది

• హెచ్-1బీ జీతం ఎగ్గొడితే: కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి 12 నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 ఫారం. ఫోన్ 1-866-487-9243.
• వివక్షకు: ఈఈఓసీ దగ్గర 180 రోజుల్లోపు, రాష్ట్రంలో అలాంటి చట్టాన్ని అమలుచేసే సంస్థ ఉంటే 300 రోజులు. ఫోన్ 1-800-669-4000.

ఈ రాత్రే చేయాల్సినవి

1. ఆఫర్ లెటర్, ఎల్‌సీఏ, పే స్టబ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాట్సాప్ మెసేజీలు సొంత మెయిల్‌లో దాచుకోండి. క్లయింట్ రహస్య పత్రాల జోలికి వెళ్లకండి.
2. జీతం ఎప్పుడిస్తారో ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి. జవాబు రాకపోయినా అడిగినట్టు రుజువు ఉంటుంది.
3. చదవకుండా, బెదిరింపుకి లొంగి దేనిమీదా సంతకం పెట్టకండి.
4. వేరే కంపెనీ చూసుకోండి. కొత్త కంపెనీ పిటిషన్ వేయగానే అక్కడ పనిలో చేరవచ్చు. ఉద్యోగం పోయినా గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంది; ఐ-94 గడువు అంతకుముందే ముగిస్తే అప్పటివరకే.
5. ఒక్కరే వెళ్లకండి. అదే కంపెనీలో బెంచ్ మీదున్న మిగతావారిని కలుపుకోండి.

మన తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట: సభల్లో స్పాన్సర్ల బ్యానర్లు కట్టేముందు, ఆ కంపెనీ ఉద్యోగులకు జీతాలు అందుతున్నాయో లేదో అడగండి. సినిమా తారల పక్కన ఉద్యోగ చట్టాల లాయర్‌కీ ఒక బల్ల వేయండి.

బెంచ్ మీద జీతం మన హక్కు!
వీసా పేరుతో బెదిరింపులు చెల్లవు!
కులం అడిగే నోటికి చట్టంతో జవాబిద్దాం!

చదివి పక్కవారికి ఇవ్వండి. గడువు లెక్క ఈ రోజే చూసుకోండి.

— తోటి తెలుగు ఉద్యోగులు