పడని నీడకు భయమెందుకు?

2025 సెప్టెంబర్ 21, ఆదివారం నాడు పాక్షిక సూర్యగ్రహణం ఏర్పడింది. మన కాలమానం ప్రకారం అది రాత్రి 11 గంటల వేళ మొదలై తెల్లవారుజామున 3 దాటాక ముగిసింది. ఆ సమయంలో మన ఆకాశంలో సూర్యుడే లేడు! న్యూజిలాండ్ వాసులకు మాత్రం సోమవారం ఉదయం అంచు తెగిన సూర్యుడు కనిపించాడు.

గ్రహణమంటే అమావాస్య నాడు చంద్రుని నీడ భూమి మీద పడడమే. ఆ నీడ అందరి మీదా పడదు. 2022 అక్టోబర్ 25 సాయంత్రం పాక్షిక గ్రహణం హైదరాబాదుకు కనిపించింది, అండమాన్‌కు కనిపించలేదు. అయినా గ్రహణం అన్న మాట చెవినపడితే చాలు, అది ఎక్కడ కనబడుతుందో కూడా అడగకుండా గర్భవతిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టి, మంచినీళ్లయినా ఇవ్వని ఇళ్లున్నాయి. విచారమేమిటంటే, ఆదివారం ఆరాధన మానని విశ్వాసుల ఇళ్లు కూడా వాటిలో ఉన్నాయి.

పెదవి చీలికతో బిడ్డ పుడితే 'గ్రహణం మొర్రి' అంటాం. ఆ పేరుతోనే తల్లి జీవితాంతం దోషి అవుతుంది. కానీ బిడ్డ పెదవి రూపుదిద్దుకునేది గర్భం దాల్చిన తొలి వారాల్లోనే. వంశపారంపర్యం, పోషకాహార లోపం వంటివి ఆ చీలికకు కారణాలు కావచ్చు గాని, చంద్రుని నీడ కాదు. శస్త్రచికిత్సతో దాన్ని సరిచేయవచ్చు. తల్లి మీద వేసిన నిందను సరిచేసేదెవరు?

సూర్యచంద్రులు దేవుని చేతిపనులని ఆదికాండము మొదటి అధ్యాయం బోధిస్తోంది. ఆకాశ సూచనలకు హడలిపోవద్దని యిర్మీయా 10:2లో ప్రవక్త తన ప్రజలను హెచ్చరించాడు. సృష్టికర్తను ఆరాధిస్తూ సృష్టికి వణకడం విశ్వాసమెలా అవుతుంది?

జాగ్రత్త పడవలసింది ఒక్క విషయంలోనే. పాక్షిక గ్రహణమైనా సూర్యుణ్ణి నేరుగా చూడరాదు. నొప్పి తెలియకుండానే కంటిపాప వెనుక పొర కాలిపోతుంది. చలువ కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు కాపాడవు. సూర్యునికి వీపు పెట్టి నిలబడి, అట్టముక్కకు గుండుసూదితో చేసిన రంధ్రం గుండా ఎండను తెల్లకాగితం మీద పడనిచ్చి, ఆ బొమ్మను పిల్లలకు చూపండి.

2027 ఆగస్టు 2, సోమవారం నాటి గ్రహణం మన దేశంలో పలు ప్రాంతాల్లో పాక్షికంగా కనిపించేదే. ముందురోజు ఆదివారం. ఆనాటి ప్రకటనల్లో సంఘకాపరులు ఒక్క మాట చేర్చాలి: రేపు కోడలికి వేళకు అన్నం పెట్టండి!