నిమ్మకాయకి ప్రాసెసర్ వేడి తగ్గదు

సూరత్ జిల్లా పల్సానాలో సాంచాల కార్ఖానా నడిపే ఒకాయన దగ్గర మన నల్గొండ కుర్రాడు చీరల డిజైన్లు వేసే పని చేస్తున్నాడు. అతని కంప్యూటర్ రోజుకి నాలుగైదు సార్లు దానంతటదే ఆగిపోయేది. సేఠ్ నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. ఫలితం లేదు. వాస్తు చెప్పే అతను వచ్చి కంప్యూటర్‌ని తూర్పుకి తిప్పించాడు. మూడు రోజులు బాగా నడిచింది! నాలుగో రోజు మళ్ళీ ఆగింది. "వీడి చెయ్యి మంచిది కాదు" అని సేఠ్ కుర్రాణ్ణి పనిలోంచి తీసెయ్యబోయాడు. అప్పుడు నన్ను పిలిచారు.

మూడు రోజులు ఎందుకు నడిచింది? డబ్బాని తిప్పినప్పుడు వెనక ఫ్యాను గోడకి దూరంగా జరిగింది, గాలి ఆడింది. నాలుగో రోజు పెద్ద డిజైన్ వచ్చేసరికి ఆ గాలి చాలలేదు. వాస్తు పని చెయ్యలేదు, గాలి పని చేసింది.

కుర్రాడి తప్పు కూడా ఉంది. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన వోల్టేజిని మక్కీకి మక్కీ పెట్టాడు. ఇది కూడా మూఢనమ్మకమే. ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండు ఒకేలా ఉండవు. పైగా వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజి 10 శాతం పెంచితే వేడి దాదాపు 21 శాతం పెరుగుతుంది.

మేము ఒకసారికి ఒక్క మార్పే చేశాం. మొదట సెట్టింగులన్నీ మామూలుకి తెచ్చాం. అయినా ఆగింది. అంటే ఓవర్‌క్లాక్ ఒక్కటే కారణం కాదు. మూత విప్పితే హీట్‌సింక్ రెక్కల మధ్య సాంచాల పీచు దుప్పటిలా పేరుకుని ఉంది. శుభ్రం చేసి కొత్త థర్మల్ పేస్ట్ రాశాం. ఆగడం మానేసింది. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాం, ర్యామ్‌లో తప్పు లేదు. తరవాత వేగం కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతి మెట్టులోనూ ప్రైమ్95 నడిపాం. అది ముందే జవాబు తెలిసిన లెక్కలు చేయించి సరిచూస్తుంది. తప్పు వచ్చిన చోట నుంచి వెనక్కి తగ్గాం.

ఓవర్‌క్లాక్ చెయ్యనివాళ్ళకీ ఈ బాధ రావచ్చు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని క్రాష్ అవుతుంటే మొదట మదర్‌బోర్డు సెట్టింగులని అనుమానించారు. ప్రాసెసర్‌లోని మైక్రోకోడే అవసరానికి మించి వోల్టేజి అడుగుతోందని 2024లో ఇంటెలే ఒప్పుకుని, ఆగస్టులో సవరణ ఇచ్చింది.

పరీక్షించకుండా వేలెత్తి చూపితే ముందు పోయేది పేదవాడి ఉద్యోగమే. నిమ్మకాయ ఖరీదు రెండు రూపాయలే అనుకుంటాం. దాని అసలు ఖరీదు ఆ కుర్రాడి జీతం.