108కి ఫోన్ చేశాక... లెక్క ఎవరు చూస్తున్నారు?

పక్షవాతం వచ్చిందని పేషెంట్‌ను తీసుకొస్తే, బంధువులను నేను మొదట అడిగేది ఒక్కటే... ‘ఎన్ని గంటలకు మొదలైంది?’ మెదడు రక్తనాళంలో గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ గడువు దాటాక వచ్చినవాళ్లలో కొందరు చెప్పే మాట: ‘వెంటనే ఫోన్ చేశాం సార్, బండి రావడమే ఆలస్యమైంది.’

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఎన్నో ప్రాణాలు నిలిపింది. నడిపేది కాంట్రాక్టు సంస్థ అయినా, డబ్బు ప్రభుత్వానిది. అంటే మనదే. మరి లెక్క మనకు తెలియొద్దా?

సగటు సమయం చెబితే సరిపోదు. టౌన్‌లో బండి పది నిమిషాలకు, తండాకు యాభై నిమిషాలకు వెళ్తే సగటు ముప్పై. తండాలో పడిపోయిన మనిషికి ఆ ముప్పైతో పనేంటి? ఎత్తని కాల్స్ ఎన్ని, బండి ఖాళీ లేక పంపలేనివి ఎన్ని, ఏ మండలానికి ఎన్ని నిమిషాలు పట్టింది... ఇవన్నీ నెలనెలా ప్రకటించాలి. సంస్థ ఇచ్చిన కాగితాన్నే నమ్మకుండా, కాల్ రికార్డులతో, బండి జీపీఎస్‌తో ప్రభుత్వం సరిచూడాలి. ఆలస్యానికి డ్రైవర్‌ను, ఈఎంటీని తిట్టి లాభం లేదు. వాళ్లు ఉన్న బండితోనే పరుగులు పెడుతున్నారు.

మీ వంతుగా, 108కైనా 112కైనా ఫోన్ చేసినప్పుడు దగ్గర్లోని గుడి, బడి లాంటి గుర్తు చెప్పండి. ఆ ఫోన్ ఖాళీగా ఉంచండి. లక్షణాలు మొదలైన సమయం, ఫోన్ చేసిన సమయం, బండి వచ్చిన సమయం రాసి పెట్టుకోండి. ఆ చిన్న కాగితం మాకు వైద్యానికీ, మీకు నిలదీయడానికీ పనికొస్తుంది.