వడికిన చేతికి కూలి ఏదీ?

'ఎక్కడ వేసిన గొంగడి అక్కడే' అని ఎన్నిసార్లు అనుంటామో మనం! ఫైలు కదలని ఆఫీసును చూసి అంటాం, కుర్చీలోంచి లేవని మొగుణ్ణి చూసీ అంటాం. (పాపం, గొంగడి చేసిన నేరమేమిటో!) ఆ గొంగడి తయారు కావాలంటే ఎంతమంది ఆడవాళ్ల చేతులు కదలాలో మాత్రం చాలామందికి తెలీదు. పెళ్లయి సిద్దిపేట దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లేదాకా నాకూ తెలీదు.

మా అత్తగారింటి వెనక వీధిలో కురుమల ఇళ్లుండేవి. మగవాళ్లు పొద్దున్నే మందను తోలుకుపోయేవారు. ఆడవాళ్లు వంటా వార్పూ ముగించుకుని, ఒక్కొక్కరే రాట్నం పట్టుకుని వేపచెట్టు కింది అరుగు మీదికి చేరేవారు. అంతా నల్లగొర్రెల ఉన్నే. దక్కని జాతి అంటారు వాటిని. కత్తిరించిన ఉన్నిలో ముళ్లూ పుల్లలూ ఏరాలి, ఏకాలి, ఆ తర్వాత వడకాలి. నూలు మగ్గానికి ఎక్కేముందు వీధి పొడుగునా పడుగు చాచి చింతగింజల గంజి పట్టిస్తారు. దారానికి బిగువు ఆ గంజితోనే వస్తుంది. ఆ రోజు అది ఒక్క ఇంటి పని కాదు, ఇరుగూ పొరుగూ చెయ్యి వేయాల్సిందే. చింతగింజలు మా ఇంట్లోంచీ వెళ్లేవి. చింతపండు దంచి గింజ తీసినప్పుడల్లా మా అత్తయ్య వాటిని మూటగట్టి దాచేది. ఊరికే కాదులెండి! ఎండాకాలంలో మంద ముందుగా మా చేలోనే పడుకోవాలని ఆవిడ షరతు. గొర్రె ఎరువు పడ్డ చేను సంగతి రైతు ఇంటివాళ్లకు వేరే చెప్పాలా?

అరుగు మీద మాటలకు కరువా! ఎవరి కోడలు నెల తప్పింది, ఎవరికి చీటీ వచ్చింది, ఎవరి మొగుడు తాగొచ్చి చెయ్యి చేసుకున్నాడు. అలా కొట్టినవాడు మర్నాడు ఆ అరుగు ముందునుంచి నడవాలంటే తల వంచుకునే నడిచేవాడు.

ఈమధ్య నగరంలో ఒక హస్తకళల ప్రదర్శనకు వెళ్లాను. అదే నల్ల ఉన్నితో సంచులు, ఆసనాలు, చెప్పులు. పక్కన అట్టముక్క మీద 'పల్లె ఐకమత్యానికి ప్రతీక' అని అందంగా రాసి ఉంది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ అరుగు మీదికి ఐకమత్యం ఊరికే వచ్చిందా? పని ఉంది కనక కూర్చున్నారు. పని పోయింది, అరుగు ఖాళీ అయింది.

పని ఎందుకు పోయిందంటే, మిల్లు దుప్పటి చౌక. పైగా గొర్రెలే మారాయి. నెల్లూరు జాతి గొర్రె ఎత్తుగా, మాంసంగా ఉంటుంది, కానీ దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, వట్టి వెంట్రుకే. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో కుటుంబానికి 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టినప్పుడూ చూపంతా మాంసం మీదే. పెంచేవాళ్లను తప్పుపట్టను. మాంసానికి డబ్బులొస్తాయి. ఉన్ని కత్తిరింపు కూలి కూడా గిట్టకపోతే ఎవరు మాత్రం పెంచుతారు?

అయితే నా అసలు బాధ ఇంకోటి. గొంగడి అమ్మితే ఉన్ని ఖరీదు లెక్కకొచ్చేది, నేత కూలి లెక్కకొచ్చేది. రోజుల తరబడి వడికిన ఇంటావిడ కూలి ఏ లెక్కలోనూ లేదు. అదేదో ఖాళీగా కూర్చుని చేసిందట! మన వంటలాగే, మన కుట్లు అల్లికల్లాగే. గద్దర్ భుజాన గొంగడి చూసి ఊరూరా చప్పట్లు కొట్టాం. దాన్ని వడికిందెవరని ఒక్కరమైనా అడిగామా?

ఆ ఇళ్ల ఆడపిల్లలు బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నారు. ఆరోగ్యానికి చేటని వాళ్లకూ తెలుసు. కానీ వెయ్యి బీడీలకు ఇంత అని చేతిలో పడుతుంది. కులవృత్తి కనక వాళ్లే కాపాడుకోవాలని నీతులు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చదువుకునే పిల్ల చదువు మాని వడకాలని నేననను. వడకగలిగినవాళ్లకు కూలి కట్టి, ఆ కూలి ఎంతో బిల్లులో వేరుగా చూపించమంటున్నాను. ప్రదర్శనల్లో బేరమాడే మనం ఆ ఒక్క మాటా అడగొచ్చు కదా! పొదుపు సంఘాలు బర్రెలకూ కిరాణా కొట్లకూ అప్పులిస్తున్నాయి, నాలుగు రాట్నాలకు ఇస్తే ఏం పోయింది?

పోయినేడు ఊరెళ్లినప్పుడు వెనక వీధి అవ్వను గొంగడి కావాలని అడిగాను. ఆమె రాట్నం అటక మీద ఉంది.

"నేసేటోడు ఉన్నడు బిడ్డా, వడికేటోళ్లే లేరు" అంది.

"వడికినందుకు ఎంతియ్యమంటవు అవ్వా?" అన్నాను.

నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. ఎన్నడూ ఎవరూ అడగలేదట. గడపలో బీడీలు చుడుతున్న కోడలు తల ఎత్తకుండానే అంది: "వెయ్యి బీడీలకు వచ్చేటంత దినానికి ఇస్తే నేను గూడ కూసుంట."

"గంతనా! ఎవలిస్తరే?" అంది అవ్వ.

ఇస్తానన్నాను. బయానా అవ్వ చేతికివ్వబోతే, కోడలి చేతికే ఇమ్మంది. ఉన్ని కోసం పక్కూరికి కబురు పెట్టారు. అక్కడ ఒక ఇంట్లో ఇంకా నల్లగొర్రెలున్నాయట.