బండి ఆయనది, కిస్తీ మనది

ఆరేళ్ల కిందట కోట్‌పల్లిలో ఇంటింటికీ మిఠాయి పంచి, "మా ఆయన లారీ కొన్నాడు" అని చెప్పుకున్నాను. కొన్నది ఆయనొక్కడే కాదని నాకు తెలియడానికి రెండు వానాకాలాలు పట్టింది.

పాత పది టైర్ల బండి, ధర 14 లక్షలు. ఫైనాన్స్ వాళ్లు మనం చెప్పిన ధరకు అప్పివ్వరు. వాళ్ల మనిషి వచ్చి చూసి ఎంత విలువ కడితే దాని మీద ఇస్తారు. అలా 10 లక్షలు వచ్చాయి. మిగతా 4 లక్షల డౌన్‌పేమెంట్ ఎక్కడిదనుకున్నారు? నా ఏడు తులాల బంగారం బ్యాంకుకు వెళ్లింది, నేను కడుతున్న చిట్టి నష్టానికి పాడాం. అంటే డౌన్‌పేమెంటూ అప్పే కదా! ఊళ్లో మాత్రం "ఆయన సొంతంగా నాలుగు లక్షలు పెట్టాడు" అన్నారు. ఆయన కూడా కాదనలేదు.

వడ్డీ ఎనిమిది శాతమే అన్నారు. ఏడాదికి 80 వేలు, నాలుగేళ్లకు 3,20,000. అసలుతో కలిపి 48 కిస్తీలు, నెలకు 27,500. సగం అసలు తీరినా వడ్డీ మాత్రం మొదటి 10 లక్షల మీదే! దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే అది 14 శాతం పైనే. బీఏ తెలుగు చదివిన నేను పాల లెక్క రాసుకునే నోట్‌బుక్కులో వేసి చూసుకున్న లెక్క ఇది. "నీకివన్నీ అర్థం కావులే" అన్న మాట నమ్మి అంతకుముందు వేయలేదు.

వానాకాలంలో తాండూరు నాపరాయి గనుల్లో నీళ్లు నిలిస్తే లోడ్లు ఉండవు. కిస్తీకి వానా ఎండా తెలియదు. రెండు నెలలు తప్పేసరికి ఫోన్లు నాకే. షూరిటీ సంతకం నాది మరి! 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, జామీను ఉన్నవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం. ఆర్సీలో మాత్రం నా పేరు లేదు. సంతకానికి పనికొచ్చిన పేరు ఆర్సీకి పనికిరాదా?

"పేరు ఎవరిదైతే ఏంది, సంసారం ఒక్కటే కదా" అంటారు. ఒక్కటే అయితే నా పేరే పెట్టండి! (పేరుతో పాటు ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీల బాధ్యతా వస్తుంది. కూరగాయల లెక్కతో పాటు అదీ చూసుకోలేమా?)

మగవాళ్లను ఎంత తిట్టినా, చదవకుండా సంతకం పెట్టింది మనమే. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరైన రిటైల్, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకు అన్ని ఖర్చులూ కలిపిన అసలు వడ్డీ ఎంతో చెప్పే పత్రం, అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తెలుగులో అడగండి. కిస్తీ తప్పితే రౌడీలను పంపి బండి లాక్కోకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది.

ఇప్పుడు మా మరిది టిప్పర్ కొంటున్నాడు. మొన్న నా తోటికోడలు పుస్తెలతాడు చేతిలో పట్టుకుని వచ్చి, "అక్కా, ఇయ్యమంటవా?" అంది. ఇవ్వొద్దని అనలేదు. ఆ పత్రం, ఆర్సీలో ఎవరి పేరు రాస్తారో ముందు తేల్చుకోమన్నాను. మరిది రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. తాడు ఇంకా ఆమె మెడలోనే ఉంది.