అప్రెంటిస్‌కు దళారి ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఐ.టి.ఐ. ఫిట్టరు పాసయ్యాడు. ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేర్పిస్తాననీ, ఏడాది తిరిగేసరికి అదే పర్మనెంటు అవుతుందనీ చెప్పి ఒకాయన యాభైవేలు అడుగుతున్నాడు. మామిడితోట కాపు పూత మీదే అమ్మేసి ఇవ్వమంటారా?
— ఒక తల్లి, తిరువూరు

జవాబు: ఇవ్వకండమ్మా. కాయ దిగేదాకా తోటను ఉండనివ్వండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ పని నేర్చుకునేవాడే గాని కార్మికుడు కాడు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని యజమానికి నిర్బంధం లేదు. అటువంటప్పుడు మధ్యవాడి హామీకి విలువేమిటి?

అలాగని ఆ ఏడాది వృథా అనుకోకండి. నెలనెలా స్టైపెండు వస్తుంది. యంత్రాల దగ్గర చెయ్యి తిరుగుతుంది. పరీక్ష నెగ్గితే జాతీయ సర్టిఫికెట్టు చేతికొస్తుంది. మీకు దగ్గరలోనే, బెజవాడ పక్కన రాయనపాడులో రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. దక్షిణ మధ్య రైల్వే తన అప్రెంటిస్‌లను పదో తరగతి, ఐ.టి.ఐ. మార్కుల సగటు చూసి ఎంచుకుంటుంది. అక్కడ సిఫార్సుకు చోటెక్కడిది? రైల్వేలో శిక్షణ పూర్తిచేసిన వారికి ఆ శాఖ మొదటి మెట్టు ఉద్యోగాల ప్రత్యక్ష నియామకాలలో 20 శాతం కేటాయింపు కూడా ఉంది. అయితే పరీక్ష రాసి నెగ్గాలి సుమండీ!

ఎక్కడ చేరినా రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి, అడిగి తీసుకోండి. అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ కాగితం మీద సంతకం చేయవలసింది దళారి కాదు, పెద్దదిక్కుగా మీరే.