గెలుపు గుర్రం ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ నుండి మూసారాంబాగ్ మీదుగా చాదర్‌ఘాట్ వైపు సాగే రహదారికి చేరువలోనే మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కినవారికి అది కొద్ది నిమిషాల ప్రయాణం. 1868లో మౌలాలీలో మొదలైన రేసులు 1886లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. ఆయన నివాసమైన మహబూబ్ మాన్షన్ ఆ సమీపంలోనే ఉండేది. నవాబుల కాలం గడిచిపోయింది గానీ రేసులు నిలిచిపోలేదు. తూర్పు హైదరాబాద్‌లోని ఎన్నో ముస్లిం కుటుంబాలకు రేస్‌కోర్సు నేటికీ ఇరుగు పొరుగే.

రేసులున్న రోజున హోటళ్లలో చాయ్ తాగుతూ మడత పుస్తకంపై పెన్నుతో గుర్తులు పెట్టుకునేవారు కనిపిస్తారు. "భాయ్, ఆరో రేసులో నాలుగో నెంబరు పక్కా" అన్న మాట ఒకరి నోటి నుండి మరొకరి చెవికి, ఒక ఫోను నుండి మరొక ఫోనుకు పాకుతుంది. ఆ 'పక్కా' అన్న ఒక్క మాటను నమ్మి ఇంటి అద్దెను, పిల్లల ఫీజును, భార్య దాచుకున్న కమిటీ డబ్బును ఒడ్డేవారున్నారు. ఈ నెల ఈ శీర్షికలో మనం ఆ మాటనే పరిశీలిద్దాం.

జూదం హరామ్ అని ఒక్క వాక్యంలో చెప్పి ముగించవచ్చు. విశ్వాసికి అది చాలు కూడా. అయితే రేసులకు అలవాటుపడిన యువకుని వద్ద ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. "ఇది జూదం కాదు, లెక్క. చదివి, ఆలోచించి ఎంచుకుంటాం. సుప్రీంకోర్టు కూడా ఇది నైపుణ్యమేనని చెప్పింది" అంటాడు. అతనికి జవాబు చెప్పాలంటే ముందుగా అతని లెక్క మనకు తెలియాలి.

ఆ లెక్క ఎలా ఉంటుంది?

రేసు పుస్తకంలో ప్రతి గుర్రం పేరుకూ ఎదురుగా కొన్ని అంకెలుంటాయి. అవి గత రేసులలో ఆ గుర్రం వచ్చిన స్థానాలు. ముందు వరుసలో రానప్పుడు సున్న వేస్తారు. తరువాత అది మోయవలసిన బరువు, జాకీ పేరు, శిక్షకుని పేరు, బయలుదేరే గేటు సంఖ్య ఉంటాయి. ఎంపిక చేసేవాడు వీటితో పాటు రేసు దూరాన్ని కూడా చూస్తాడు. 1200 మీటర్లలో మెరుపులా పరుగెత్తిన గుర్రం 2000 మీటర్లలో అలసిపోవచ్చు. వాన కురిసి నేల మెత్తబడితే కొన్ని గుర్రాలకు అనుకూలం, మరికొన్నింటికి ప్రతికూలం. రేసుకు ముందు రోజుల ఉదయపు సాధనలో ఏ గుర్రం ఎంత దూరాన్ని ఎన్ని సెకన్లలో పరుగెత్తిందో కూడా ప్రచురిస్తారు. వీటన్నింటినీ బేరీజు వేసి, ఒక్కొక్క రేసుకు రెండు మూడు పేర్లు, రోజు మొత్తానికి 'డేస్ బెస్ట్' అంటూ ఒక పేరు ప్రకటిస్తారు.

ఇందులో పరిశ్రమ లేదని మేము అనడం లేదు. గుర్రాల స్వభావాన్ని సంవత్సరాల తరబడి గమనించినవారికి మనకు కనిపించనివి కనిపిస్తాయి. అంత తెలిసినవారి లెక్క కూడా ఎక్కడ తప్పుతుందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

మొదటి కారణం ఆ బరువులలోనే ఉంది. రేసులలో అధిక భాగం హ్యాండీక్యాప్ రేసులు. బలమైన గుర్రంపై ఎక్కువ బరువు, బలహీనమైన దానిపై తక్కువ బరువు పెడతారు. ఒకటి 60 కిలోలు మోస్తే మరొకటి 52 కిలోలే మోస్తుంది. గుర్రాలన్నీ దాదాపు ఒకేసారి గమ్యం చేరాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశ్యం. అంటే గెలుపును ముందుగా ఊహించడం వీలైనంత కష్టం చేయడానికే క్లబ్బు ఒక అధికారిని నియమించుకుంటుంది. పందెం కాసేవాడు ఊహించడానికి వాడే సమాచారాన్నే ఆయన కూడా వాడి, ఊహకు అందకుండా బరువులు నిర్ణయిస్తాడు.

రెండవ కారణం ధర. అందరికీ తెలిసిన మంచి గుర్రంపై అందరూ పందెం కాస్తారు, కాబట్టి దానిపై వచ్చే లాభం తగ్గిపోతుంది. 'నాలుగో నెంబరు పక్కా' అన్న మాట మన చెవిన పడేసరికి అది బుకీకి ఎప్పుడో తెలిసి ఉంటుంది. ఫేవరెట్ అనబడే గుర్రాలు ప్రపంచంలోని అనేక రేస్‌కోర్సులలో సుమారు మూడింట ఒక వంతు రేసులలో గెలుస్తాయి. అంటే అందరూ కలిసి ఏకాభిప్రాయంతో ఎంచుకున్న గుర్రం కూడా మూడింట రెండుసార్లు ఓడుతుంది.

మూడవ కారణం కోత. టోట్ పద్ధతిలో అందరి పందేలనూ ఒక చోట చేర్చి, ముందు క్లబ్బు తన వాటా తీసుకుని, మిగిలినదే గెలిచినవారికి పంచుతుంది. దీనికి తోడు పందెం పూర్తి మొత్తంపై ప్రభుత్వం విధించే జీఎస్టీ ఉంది. అది 28 శాతంగా ఉండి, 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతమైంది. లాభంపై కాదు, ఒడ్డిన ప్రతి రూపాయిపై ఈ పన్ను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సోదరుడు ఒక రోజు తొమ్మిది రేసులలోనూ ఫేవరెట్ గుర్రంపై వంద రూపాయల చొప్పున కాశాడనుకుందాం. అందులో మూడు గెలిచాయి. వందకు నూట యాభై లాభం చొప్పున ఒక్కొక్క దానికి 250 రూపాయలు చేతికొచ్చాయి. మొత్తం రాబడి 750. పన్నుతో కలిపి అతను చెల్లించినది తొమ్మిది సార్లు 140, అంటే 1,260 రూపాయలు. నష్టం 510. పన్ను లేకపోయినా నష్టం 150 ఉండేది. నెలలో ఎనిమిది రోజులు ఇలాగే సాగితే 4,080 రూపాయలు పోతాయి. ఇది లెక్క తప్పినవాని పరిస్థితి కాదని గుర్తుంచుకోండి. అందరిలాగానే సరిగ్గా ఎంచుకున్నవాని పరిస్థితి ఇది.

ఇక జాక్‌పాట్ మాట. వరుసగా ఐదు రేసుల విజేతలను చెప్పాలి. ఒక్కొక్క దానిలో మూడింట ఒక అవకాశం ఉందనుకున్నా, ఐదూ కలిసివచ్చే అవకాశం 243లో ఒకటి. ఆ ఒక్కరి కథను చాయ్ హోటల్లో పదేళ్లు చెప్పుకుంటారు. మిగిలిన 242 మంది కథలు వారి ఇళ్లలో మాత్రమే తెలుస్తాయి.

న్యాయస్థానం ఏమి చెప్పింది?

తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రపు రేసులను, వాటిపై పందేలను రద్దు చేస్తూ చట్టం చేసింది. ఆ వివాదంలో 1996లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, గుర్రాల వేగం, శిక్షణ, జాకీ సామర్థ్యం వంటివి గెలుపును నిర్ణయిస్తాయి గనుక గుర్రపు రేసు ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని, జూద నిరోధక చట్టాల కిందికి రాదని చెప్పింది. న్యాయస్థానం ముందున్న ప్రశ్న అది. ఆ ప్రశ్నకు అది ఆ జవాబునిచ్చింది. మన రాష్ట్రపు గేమింగ్ చట్టం కూడా నిర్ణీత షరతులకు లోబడిన గుర్రపు రేసు పందేలను మినహాయించింది. అనుమతి లేని బుకీకి ఫోను చేసి కాసే పందెం మాత్రం చట్టం దృష్టిలోనూ నేరమే.

ధర్మం అడిగే ప్రశ్న వేరు. అక్కడ నైపుణ్యం చూపేది గుర్రం, జాకీ, శిక్షకుడు. గట్టు మీద నిలబడి డబ్బు ఒడ్డినవాడు ఏమి ఉత్పత్తి చేశాడు? ఎవరికి ఏ సేవ చేశాడు? అతని చేతికొచ్చిన ప్రతి రూపాయీ మరొకరు ఓడిపోయిన రూపాయే. ఇస్లాం నిషేధించిన మైసిర్‌కు మూలం ఇదే. అజ్ఞాన కాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలు తీసి వాటాలు నిర్ణయించేవారు. ఖాళీ బాణం వచ్చినవాడు ఒంటె వెల చెల్లించేవాడు. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచి గొప్ప చెప్పుకునేవారు. మద్యంలోనూ జూదంలోనూ కొంత ప్రయోజనం ఉన్నదని అంగీకరిస్తూనే, వాటి పాపం ఆ ప్రయోజనం కన్నా ఎంతో పెద్దదని దివ్యఖుర్ఆన్ తెలియజేసింది (అల్ బఖర : 219). వాటి ద్వారా షైతాన్ మనుషుల మధ్య ద్వేషాన్ని రగిలిస్తాడని, దైవస్మరణ నుండి, నమాజు నుండి ఆపుతాడని హెచ్చరించింది (అల్ మాయిదా : 90, 91). రేసుల వల్ల ఉపాధి లభిస్తోంది, ప్రభుత్వానికి రాబడి వస్తోంది అనేవారికి ఈ వాక్యాలలో పూర్తి సమాధానం ఉంది. మధ్యాహ్నం రెండు రేసుల నడుమ జుహర్, అసర్ నమాజులు ఎలా జారిపోతాయో అనుభవించినవారిని అడిగితే చెబుతారు.

పందెం కాయకుండా కేవలం 'టిప్' చెప్పేవారి సంగతి? "రా, జూదమాడుదాం" అని తోటివాణ్ణి పిలిచినవాడు దానికి పరిహారంగా దానధర్మం చేయాలని మహాప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆడకపోయినా, పిలిచినందుకే! 'నాలుగో నెంబరు పక్కా' అని పదిమందికి పంపేవారు ఈ హదీసును తమ ఫోను పక్కన పెట్టుకుని ఆలోచించాలి.

గుర్రాన్ని ప్రేమించిన ధర్మం

ఇస్లాంకు గుర్రపు పరుగుతో విరోధం లేదు. మహాప్రవక్త (స) స్వయంగా మదీనాలో గుర్రపు పందేలు జరిపించారు. శిక్షణ పొందిన గుర్రాలను హఫ్‌యా నుండి సనియ్యతుల్ వదా వరకు, శిక్షణ లేని వాటిని అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు పరుగెత్తించారు. ఆ పోటీలో పాల్గొన్నవారిలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకరు. పోటీలో లేని మూడవ వ్యక్తి గానీ, పాలకుడు గానీ విజేతకు బహుమతి ఇవ్వడం ధర్మసమ్మతమని ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు. ఇరుపక్షాలూ డబ్బు ఒడ్డి, ఓడినవాని సొమ్మును గెలిచినవాడు తీసుకుంటే అది జూదమవుతుంది.

మహాప్రవక్త (స) వారి ఒంటె అద్‌బా ఏనాడూ ఓడేది కాదు. ఒకనాడు ఒక పల్లెవాసి తన లేత ఒంటెతో దానిని దాటిపోయాడు. సహచరులకు ఎంతో బాధ కలిగింది. ప్రపంచంలో పైకి లేచిన ప్రతిదానినీ దించడం అల్లాహ్ నియమమని ఆయన (స) వారిని ఓదార్చారు. ఎన్నడూ ఓడని అద్‌బాయే ఓడినప్పుడు, 'పక్కా' అనదగిన గుర్రం ఈ భూమిపై ఎక్కడుంది?

ఇంట్లో చేయవలసినది

రేసుల వ్యసనం ఇంట్లో మొదట అబద్ధంగా కనిపిస్తుంది. జీతం ఆలస్యమైందంటారు, స్నేహితునికి అప్పు ఇచ్చానంటారు. హైదరాబాద్‌లో రేసులు లేని రోజున బెంగళూరు, ముంబై, పుణె రేసులపై పందేలుంటాయి గనుక విరామమనేది ఉండదు. అటువంటి ఇంటి సోదరీమణులకు మా మనవి. నలుగురిలో అవమానించకండి, అలాగని దాచిపెట్టి అప్పులూ తీర్చకండి. జీతం రాగానే అద్దె, ఫీజు, కిరాణా సొమ్ము విడిగా మీ చేతికి వచ్చే ఏర్పాటును ఇంటి పెద్దల సమక్షంలో చేసుకోండి. నగలు తాకట్టు పెట్టమంటే నిరాకరించండి. పోయినది రాబట్టడానికి 'ఒక్కసారి' అన్న మాటను అసలే అంగీకరించకండి. పై లెక్కను కాగితంపై వేసి ప్రశాంతంగా చూపించండి. అవసరమైతే మానసిక వైద్యుణ్ణి సంప్రదించడానికి సంకోచించకండి.

మానివేసిన సోదరుడు మొదట పశ్చాత్తాపపడాలి. ఇంతకుముందు గెలిచిన సొమ్ము విషయంలో, మిగిలిన అప్పుల విషయంలో మస్జిదు ఇమామును గానీ, విశ్వసనీయ పండితుణ్ణి గానీ కలవాలి. జకాత్‌కు అర్హులలో అప్పుల్లో కూరుకుపోయినవారిని కూడా దివ్యఖుర్ఆన్ పేర్కొన్నది (అత్ తౌబా : 60). నిజంగా మానివేసినవాడు మళ్లీ నిలదొక్కుకునేందుకు మహల్లావాసులు తోడుండాలి. రేస్‌కోర్సులో సాయిసులుగా, నాల్‌బందులుగా పనిచేస్తున్న సోదరులు మనలో ఉన్నారు. గుర్రానికి మేత వేయడం, దాని సేవ చేయడం మన సంప్రదాయంలో గౌరవప్రదమైన పని. తమ వేతనం విషయంలో సందేహం కలిగినవారు దానిని కూడా పండితుల ముందుంచి తీర్చుకోవడం మంచిది.

గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి రక్షణ, మరొకరికి భారం అవుతుందని మహాప్రవక్త (స) తెలిపారు. రేసు రోజున మలక్‌పేట దారి పట్టే ప్రతి సోదరుడూ తనకది ఏమవుతున్నదో బయలుదేరే ముందు ఇంట్లోవారి ముఖాలు చూసి తెలుసుకోగలడు. అల్లాహ్ మన ఇళ్లకు హలాల్ సంపాదనలో శుభాన్ని, హరామ్‌ను వదిలే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.